లింగయ్య చీటీలో సదాశివరావు జబ్బు

ఆ రోజుల్లో ఢిల్లీలో తెలుగువాళ్ళకి జబ్బు చేస్తే ముందు దేవుడికి, ఆ తరవాత సదాశివరావుకి చెప్పుకునేవారు. దేవుడు ఏ భాషలో మొర పెట్టుకున్నా వింటాడు గానీ పెద్దాసుపత్రి డాక్టర్లు హిందీలోనో ఇంగ్లీషులోనో చెబితే తప్ప వినరు. సదాశివరావు అవసరం అక్కడ పడేది. ఆయనది భీమవరం. పాతికేళ్ళుగా ఆర్.కె.పురం ప్రభుత్వ క్వార్టర్లో కాపురం, ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు ఉద్యోగం. ప్రతి శుక్రవారం ఒంటిపూట సెలవు పెట్టి, చంకలో రెక్సిన్ సంచీతో ఆసుపత్రికి బయల్దేరేవాడు. కడప నుంచి గుండె చూపించుకోవడానికి రైలెక్కి వచ్చినవాళ్ళకీ, జియా సరాయ్ గదుల్లో సివిల్స్‌కి చదువుతూ కామెర్లు తెచ్చుకున్నవాళ్ళకీ, అందరికీ అక్కడ ఆయనే నోరు.

ఆ పనంటే ఆయనకి ప్రాణం. చీటీ ఏ కిటికీలో రాయించాలో, ఏ డాక్టరు ఏ రోజు ఉంటాడో, ఏ వార్డు ఆయాని ఏమని పిలిస్తే పలుకుతుందో ఆయనకి కంఠతా వచ్చు. గేటు దగ్గర సెక్యూరిటీ నుంచి లోపల కాంపౌండరు దాకా అందరూ "రావు సాబ్" అని నమస్కారం పెట్టేవారు. ఆ నమస్కారాలు ఆయనకి ఆఫీసులో ఎక్కడా దొరకవు. "రోగి ఏం చెబితే అదే చెబుతాను. నా మాట ఒక్కటి కలపను, వాళ్ళ మాట ఒక్కటి తగ్గించను" అని కాస్త గొప్పగానే చెప్పుకునేవాడు. గొప్పకి చెప్పినా అది నిజమే. పద్దెనిమిదేళ్ళ పాటు నిజం. తొంభై ఆరు జనవరిలో ఒక శుక్రవారం నాడు మాత్రం అబద్ధమైంది.

అప్పటికి ఏడాదిన్నరగా సదాశివరావుకి మూత్రం సరిగ్గా రావడం లేదు. ఇలా సూటిగా అనడం ఆయనకి నచ్చదు. సూటిగా అనలేకపోవడం వల్లే ఇదంతా జరిగింది కాబట్టి మనం సూటిగానే చెప్పుకుందాం. మొదట్లో వెళ్ళి నిలబడితే రెండు నిమిషాలు ఏమీ వచ్చేది కాదు. తరవాత వచ్చినా సన్నగా, ఆగి ఆగి వచ్చేది. అయిపోయిందని బయటికి వస్తే ఇంకా లోపల ఉన్నట్టే ఉండేది. గుండీలు పెట్టుకున్నాక రెండు చుక్కలు ప్యాంటులో పడేవి. రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వచ్చేది. యాభై నాలుగేళ్ళ మనిషి, ఇంట్లో ఎదిగిన కూతురు. ఉన్నది ఒక్కటే బాత్‌రూము, దాని తలుపుకీ కూతురు చదువుకునే బల్లకీ మధ్య నాలుగడుగులు కూడా లేవు.

ఆ ఆగి ఆగి వచ్చే చప్పుడు ఎవరికీ వినపడకూడదని ఆయన కుళాయి తిప్పి పెట్టేవాడు. అసలే ఢిల్లీ నీళ్ళు. పొద్దున్నే రెండు గంటలు వస్తాయి, పట్టి ట్యాంకులో పెట్టుకోవాలి. ఆయన ఒక్కో విడతకి అయిదేసి నిమిషాలు కుళాయి వదిలేసరికి పొద్దుటికి ట్యాంకు అడుగంటేది.

"అంతసేపు లోపలేం చేస్తున్నారండీ? చేతులు కడుక్కోవడానికి ఇన్ని నీళ్ళా?" అనేది భార్య కృష్ణకుమారి.

"జలుబు. ముఖం కడుక్కుంటున్నాను."

"ఏడాది పొడుగునా జలుబేమిటండీ. షుగరేమో ఒకసారి చూపించుకోండి."

కూతురు ప్రీతికి ఆ ఏడు పన్నెండో క్లాసు పరీక్షలు. తండ్రి తలుపు తీసిన ప్రతిసారీ పుస్తకంలోంచి తల ఎత్తి "పాపా, ఫిర్ సే?" అనేది. మళ్ళీనా అని. అందులో వెక్కిరింపేమీ లేదు. అయినా ఆ రెండు ముక్కలకి ఆయన ఒళ్ళు చచ్చిపోయేది.

ఆయన ఢిల్లీ మొత్తం చిన్నదైపోయింది. ఏ బస్సు స్టాపు దగ్గర మరుగుదొడ్డి ఉందో, ఏది తాళం వేసి ఉంటుందో, అంతవరకే ఆయన ఊరు. ఆఫీసుకి వెళ్ళే దారిలో ధౌలా కువాన్‌లో ఒకటి ఉంది, అక్కడ దిగిపోయి మళ్ళీ వేరే బస్సు ఎక్కేవాడు. సినిమాలు మానేశాడు. తెలుగు సంఘం వాళ్ళ హరికథకి పిలిస్తే చివరి కుర్చీలో కూర్చుని మధ్యలో లేచి వచ్చేశాడు. సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్ళు ముట్టుకోవడం మానేశాడు. మజ్జిగ లేకుండా అన్నం దిగని మనిషి మజ్జిగ మానేశాడు. ఎంత మానేసినా లేవడం మాత్రం తగ్గలేదు.

మరి వారం వారం ఆసుపత్రికి వెళ్ళేవాడు కదా, ఆ వరసలో తనే ఒకసారి నిలబడితే పోయేదేముంది? ఎవరికైనా వచ్చే సందేహమే. దానికి జవాబు మల్లేశం.

మల్లేశం వాళ్ళ సెక్షన్‌లోనే గుమాస్తా, వరంగల్ మనిషి. రెండేళ్ళ కిందట ఇలాంటి కష్టమే వచ్చి ఆపరేషన్ చేయించుకున్నాడు. సెలవు చాలక వారం రోజులు మూత్రపు సంచీ ప్యాంటు లోపల కట్టుకునే ఆఫీసుకి వచ్చాడు. అప్పుడు క్యాంటీన్‌లో నలుగురి మధ్య సదాశివరావు అతనికి "కుళాయి మల్లేశం" అని పేరు పెట్టాడు. ఆఫీసు భవన్ అంతా నవ్వింది. తెలుగు రాని పంజాబీవాళ్ళు కూడా అర్థం అడిగి మరీ నవ్వారు. రెండు నెలలకి మల్లేశం వేరే శాఖకి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు చీకట్లో కుళాయి తిప్పినప్పుడల్లా సదాశివరావుకి ఆ నవ్వులు వినపడేవి. తను నోరు విప్పిన మర్నాడు తనకి ఏ పేరు పెడతారో ఆయన ఊహించుకోగలడు. పేర్లు పెట్టడంలో ఆయనకి అనుభవం ఉంది మరి.

పోనీ సెక్టారు డిస్పెన్సరీకి వెళదామంటే అక్కడి డాక్టరు అన్నపూర్ణేశ్వరి తెలుగావిడ, కృష్ణకుమారి పక్కనే లలితా పారాయణకి కూర్చునే మనిషి. పెద్దాసుపత్రిలోనా, అక్కడ ఆయన రావు సాబ్. పద్దెనిమిదేళ్ళు నిలబడి మాట్లాడినచోట స్టూలు మీద కూర్చుని బొందు విప్పడం ఆయన వల్ల కాదు. ఎటు తిరిగినా తను కట్టుకున్న గోడే ఎదురయ్యేది.

లింగయ్య ఆయనకి ద్వారకలో దొరికాడు. అప్పటికి ద్వారక అంటే దుమ్ము, ఇనుప చువ్వలు, సగం లేచిన గోడలు. సదాశివరావు ఆఫీసువాళ్ళ సొసైటీ ఫ్లాట్లు అక్కడ కడుతున్నారు. ఆదివారం పూట తన ఫ్లాటు ఎంతవరకు లేచిందో చూసుకోవడానికి వెళితే, మూడో అంతస్తు మెట్ల మీద ఒక మేస్త్రీ కుడి పక్క పట్టుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. పంటి బిగువున "అవ్వా" అంటున్నాడు. ఆ మాట వినగానే సదాశివరావు దగ్గరికి వెళ్ళి తెలుగులో పలకరించాడు.

పాలమూరు జిల్లా మనిషి, నలభై ఏళ్ళుంటాయి. భార్య కమలతో కలిసి సైటులోనే రేకుల గదిలో ఉంటున్నాడు. హిందీలో ఇటుక, ఇసుక, సిమెంటు తప్ప రాదు. నాలుగు నెలలుగా నొప్పి వచ్చి పోతోంది. మందుల దుకాణానికి వెళ్ళి చెయ్యి పెట్టి చూపిస్తే వాడు గ్యాసు మాత్రలిచ్చి పంపాడు. నీళ్ళ ట్యాంకరు రోజుకొక్కసారి వస్తుంది కాబట్టి రోజంతా ఎండలో చేసినా తాగేది రెండు లోటాలు.

"శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గరుండు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు సదాశివరావు.

"మీ కాల్మొక్త సార్" అన్నాడు లింగయ్య.

ఆ శుక్రవారం మూత్రవ్యాధుల విభాగంలో అడుగు పెట్టడం సదాశివరావుకి కొత్త కాదు. కానీ ఏడాదిన్నరగా ఆ విభాగం రోగులు వస్తే ఏదో వంక చెప్పి తప్పించుకునేవాడు. ఈసారి మాట ఇచ్చేశాడు. గదిలో ఒకటే బల్ల, ఎదురుగా ఒక స్టూలు, స్టూలు వెనక గోడ పొడుగునా వరస. మొదటివాడి జబ్బు నాలుగోవాడికి కూడా వినపడుతుంది. డాక్టర్ అరోరా ముప్ఫై అయిదేళ్ళ మనిషి. రోజుకి నూటయాభైమందిని చూడాలి కాబట్టి తల ఎత్తకుండా రాసుకుంటూనే అడుగుతాడు.

"ఏమిటి కష్టం?" అన్నాడు హిందీలో.

"చెప్పు లింగయ్యా. ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు సదాశివరావు.

లింగయ్య కుడి పక్క, పక్కటెముకల కింద చెయ్యి పెట్టాడు. "గీడ సార్. గీడ కత్తితోని పొడిసినట్టయితది. గీడికెల్లి కిందికి గుంజుతది, తొడ దాంక. గప్పుడు నిలవడ రాదు, పండ రాదు. ఒంటికి పోతె మంట. ఒక్కోపారి ఎర్రగొస్తది."

"నడుం నొప్పి ఉందంటున్నాడు డాక్టర్ సాబ్. బరువులు మోసే మనిషి. మూత్రంలో మంట కూడా" అని మొదలు పెట్టాడు సదాశివరావు. ఇంకా చెప్పాల్సింది ఉంది. ఈలోపు డాక్టరు అడిగేశాడు.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు? ధార ఎలా ఉంటుంది?"

అదీ జరిగింది. ఏడాదిన్నరగా ఈ లోకంలో ఎవరూ తనని అడగని ప్రశ్న. ఒకవేళ అడిగితే నవ్వుతూనో గుసగుసగానో అడుగుతారని ఆయన భయం. ఈ కుర్ర డాక్టరు మాత్రం వయసెంత, ఊరేది అన్నట్టు చప్పగా అడిగాడు. సదాశివరావు లింగయ్య వైపు తిరగాలి. తిరగలేదు.

"నాలుగైదుసార్లు" అన్నాడు.

అన్నాక ఆపలేకపోయాడు. "ధార చాలా సన్నగా వస్తుంది. ఆగి ఆగి వస్తుంది. మొదలవడానికే రెండు నిమిషాలు పడుతుంది. అయిపోయిందనుకుంటే అవదు. బస్సులో రెండు స్టాపులు కూడా ఓర్చుకోలేడు." ఏడాదిన్నరగా ఛాతీ మీద ఉన్న బండ ఎవరో పక్కకి జరిపినట్టయింది. లింగయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తన బాధ ఇంత బాగా, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని మరీ చెబుతున్న పెద్దమనిషి వైపు కృతజ్ఞతగా చూశాడు.

డాక్టరు తల ఎత్తాడు. "నలభై ఏళ్ళకేనా? తెర వెనక్కి రమ్మనండి, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందేమో వెనక నుంచి వేలు పెట్టి చూడాలి."

లింగయ్యకి అలాంటి పరీక్ష ఒకటుందనే తెలీదు. సదాశివరావు తెర ఇవతల నిలబడి "పక్కకి తిరిగి పడుకో, మోకాళ్ళు ముడుచుకో, ఊపిరి వదులు" అంటూ డాక్టరు మాటల్ని తెలుగులో అందించాడు. లోపల్నుంచి ఒక్క మూలుగు వినిపించింది. లింగయ్య ప్యాంటు బిగించుకుంటూ బయటికి వచ్చినప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.

"గ్రంథి మామూలుగానే ఉంది. అయినా ధార అలా ఉందంటే దారిలో ఎక్కడో ఇరుకు పడి ఉండాలి. వచ్చే శుక్రవారం మూత్రపు దారిలో గొట్టం వేసి చూద్దాం" అన్నాడు డాక్టరు, చీటీ మీద రాస్తూ.

ఇప్పుడైనా చెప్పొచ్చు. సదాశివరావు నోరు తెరిచాడు కూడా. తెరిచి ఇంకోటి అడిగాడు. "ఒకవేళ గ్రంథి పెరిగి ఉంటే ఏం చేసేవారు డాక్టర్ సాబ్?"

"యాభై దాటాక చాలామందికి పెరుగుతుంది, తల నెరిసినట్టే. అందరికీ ఆపరేషన్లు అక్కర్లేదు, మాత్రలతో సర్దుకునేవాళ్ళే ఎక్కువ. సిగ్గుపడి దాచుకుంటేనే ప్రమాదం. ఒకరోజు మొత్తానికి ఆగిపోతుంది, కిడ్నీల మీద పడుతుంది. ఇతనికి ఆ గొడవ లేదు లెండి. తరవాత ఎవరు?"

ఏడాదిన్నరలో సదాశివరావు విన్న మంచి కబురు అదొక్కటే. అది లింగయ్య చీటీ మీద విన్నాడు. వరండాలోకి రాగానే లింగయ్య ఆగాడు.

"సార్, నొప్పి పక్కల గద. గాడెందుకు చూసిండు సార్?"

"పెద్ద డాక్టర్లు అంతే. అన్నీ చూస్తారు."

"గట్లనా. మీరున్నరని ఊకున్న సార్. లేకుంటె చెయ్యి లేస్తుండె."

వచ్చే శుక్రవారం గొట్టం వేసి చూస్తారని మాత్రం చెప్పి సదాశివరావు బస్సు స్టాపు వైపు నడిచాడు.

ఆ వారం ఆయనకి యుగంలా గడిచింది. శనివారం పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాడు, నిజం చెప్పేద్దామనే. వరండాలో వార్డు అటెండరు ఎదురై "రావు సాబ్, ఇవాళ ఎవర్ని తెచ్చారు?" అన్నాడు. "ఎవరూ లేరు, ఊరికే" అని వెనక్కి వచ్చేశాడు. తర్జుమాలో చిన్న పొరపాటు జరిగింది అని చెబితే సరిపోదా అని ఆలోచించాడు. సరిపోదు. రాత్రి నాలుగైదుసార్లు లేచేది మరెవరని డాక్టరు అడుగుతాడు. లింగయ్యని ఇంకో ఆసుపత్రికి తీసుకుపోదామనుకున్నాడు. అక్కడా ఆ చీటీ చూపించాలి. అసలు శుక్రవారం తను వెళ్ళకపోతే? లింగయ్య ఒక్కడే చీటీ పట్టుకుని వెళతాడు, వాళ్ళు చీటీలో రాసినట్టే చేస్తారు. ఇన్నేళ్ళూ సంపాదించుకున్న మంచిపేరులోనే ఆయన ఎలక బోనులో చిక్కినట్టు చిక్కాడు. పైగా కృష్ణకుమారి, "ఆ పాలమూరాయన్ని ఎవరు పట్టించుకుంటారండీ మీరు తప్ప" అని పొంగిపోయింది. ఆ మాట అన్న పూట ఆయనకి అన్నం దిగలేదు.

ఆదివారం ద్వారక వెళ్ళాడు. ఏదో ఒకటి చెప్పి గొట్టం మాన్పిద్దామని వెళ్ళాడు. రేకుల గది ముందు లింగయ్య గోనె మీద పడుకుని ఉన్నాడు. నొప్పి రెండు రోజులుగా వదలడం లేదట. కమల జొన్నరొట్టె పెట్టింది. సైటులో పనిచేసే పాలమూరువాళ్ళు నలుగురు చుట్టూ చేరి, మమ్మల్ని కూడా ఒకసారి తీసుకుపోండి సార్ అని దండం పెట్టారు. లింగయ్య వాళ్ళందరికీ సార్ గురించి చెప్పి ఉంచాడు.

వాళ్ళు వెళ్ళాక లింగయ్య మెల్లిగా అడిగాడు. "గా గొట్టం యాడికెల్లి ఏస్తరు సార్?"

సదాశివరావు చెప్పాడు. కమల రొట్టె తట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లింగయ్య గోనె మీద లేచి కూర్చున్నాడు.

"మీరైతె ఏపిచ్చుకుంటరా సార్?"

చెప్పాల్సిన చోటు అదే. ఎవరూ లేరు, డాక్టరు లేడు, వరస లేదు. ఎదురుగా ఒక్క మనిషి, వాడడిగిందీ తిన్నగానే ఉంది. "డాక్టరు చెప్పాక తప్పుతుందా" అన్నాడు సదాశివరావు.

"సరె. మీ మాట మీద ఏపిచ్చుకుంట" అన్నాడు లింగయ్య.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి చలిగాలి కొట్టింది. బుధవారానికి నిజంగానే జలుబు పట్టుకుంది. ఏడాదిన్నరగా లేని జలుబు సాకుగా చెప్పిన మనిషికి ఇప్పుడు అసలుదే వచ్చింది. గురువారం సాయంత్రం కాలనీ మందుల దుకాణంలో జలుబు మాత్రలు కొనుక్కుని పడుకోబోయే ముందు ఒకటి, అర్ధరాత్రి లేచినప్పుడు ఇంకొకటి వేసుకున్నాడు. ముక్కు తెరుచుకుంది. కిందది మూసుకుపోయింది.

శుక్రవారం పొద్దున అయిదింటికి కుళాయి తిప్పి నిలబడితే ఒక్క చుక్క రాలేదు. ఆరింటికీ రాలేదు. కృష్ణకుమారి తలుపు కొట్టేదాకా నిలబడి, ఉత్త కుళాయి చప్పుడు విని బయటికి వచ్చాడు. ధౌలా కువాన్‌లో దిగి అలవాటైన చోటికి వెళ్ళి గోడకి చెయ్యి ఆనించి ముక్కాడు. లేదు. ఆసుపత్రి గేటు చేరేసరికి పొత్తికడుపు రాయిలా గట్టిపడింది, కోటు గుండీ పట్టడం లేదు. అంత చలిలోనూ మెడ మీద చెమట. డాక్టరన్న మాట గుర్తొచ్చింది. ఒకరోజు మొత్తానికి ఆగిపోతుంది.

గేటు దగ్గర లింగయ్య నిలబడి ఉన్నాడు. తలస్నానం చేసి, నూనె రాసి దువ్వుకుని, ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. చీటీ ప్లాస్టిక్ కవరులో దాచి జేబులో పెట్టుకున్నాడు. ఎడం చెయ్యి మాత్రం కుడి పక్కని వదలడం లేదు.

గొట్టాలు వేసే గది చిన్నది. మధ్యలో ఎత్తు బల్ల, పక్కన స్టీలు ట్రే, ట్రేలో తడిగుడ్డ కింద ఏవో మెరుస్తున్నాయి. నర్సు లింగయ్యకి ఆకుపచ్చ గౌను ఇచ్చింది. వాడు బట్టలు విప్పి, చొక్కా నాలుగు మడతలు పెట్టి సదాశివరావు చేతికిచ్చాడు. ఆ చొక్కా ఇంకా ఒంటి వేడి మీద ఉంది.

"మీరు ఈడనే ఉంటరు గద సార్."

"ఉంటాను."

లింగయ్య బల్ల ఎక్కి పడుకున్నాడు. డాక్టర్ అరోరా చేతులు కడుక్కుని వచ్చి చీటీ చదువుకున్నాడు. "రాత్రి నాలుగైదుసార్లు. సన్నటి ధార. ఠీక్ హై" అని తొడుగులు వేసుకోవడం మొదలెట్టాడు. సదాశివరావు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కడుపులో పోటు వచ్చి కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ నొప్పిలోనూ ఆయనకి ఒక దారి స్పష్టంగా కనపడింది. ఇప్పుడు నోరు మూసుకుంటే పది నిమిషాలు. గొట్టంలో ఏమీ కనపడదు, అప్పుడు డాక్టరే ఇంకేదో వెతుకుతాడు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. బయటికి వెళ్ళి ఏ తెలియని ప్రైవేటు డాక్టరు దగ్గరో తను బాగుపడొచ్చు. ఎంత సులువో చూశాక ఆయనకి తన మీద తనకే భయమేసింది. లింగయ్య తల తిప్పి ఆయన్నే చూస్తున్నాడు, పళ్ళు బిగబట్టుకుని, మాట మీద నిలబడి.

"డాక్టర్ సాబ్, ఆగండి" అన్నాడు హిందీలో. "అవి ఇతని బాధలు కావు."

"ఏవి?"

"రాత్రి లేవడం, ధార, అన్నీ. ఇతను వాటిల్లో ఒక్కటీ చెప్పలేదు. అవి నావి."

నర్సు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. డాక్టరు ఆయన ముఖం, చెమట, పొత్తికడుపు మీద చెయ్యి చూశాడు. "చివరిసారి మూత్రం ఎప్పుడు పోసుకున్నారు?"

"నిన్న రాత్రి."

"జలుబు మాత్రలేమైనా వేసుకున్నారా?"

"రెండు."

"అవే బిగించేశాయి. గ్రంథి పెరిగినవాళ్ళు ముట్టుకోకూడని మాత్రలవి." డాక్టరు తొడుగులు పీకి ట్రేలో పడేశాడు. మనిషికి నిజంగా కోపం వచ్చింది. "మీ మాట నమ్మి ఈ లింగయ్యకి అక్కర్లేని పరీక్ష చేశాను. ఇవాళ అక్కర్లేని గొట్టం వెయ్యబోయాను. ఇన్నేళ్ళుగా ఇక్కడ తిరుగుతున్నారు రావు సాబ్, వేలమందికి చీటీలు రాయించారు. మీకోసం ఒక్కటి రాయించుకోలేకపోయారా? సిస్టర్, ఇంకో బల్ల సిద్ధం చెయ్యండి. ముందు ఈయనకి గొట్టం వేసి ఖాళీ చెయ్యాలి."

లింగయ్య లేచి కూర్చున్నాడు. డాక్టరు కేకల్లో తన పేరు వినిపించింది. "ఏమంటుండు సార్? నాకేమన్న పెద్ద రోగమా?"

డాక్టరుతో చెప్పడం ఒక ఎత్తు. హిందీ ఆయనకి ఆఫీసు కోటు లాంటిది, అందులో ఏమన్నా తనకి తగలదు. తెలుగులో ఆ మాట కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఇప్పుడు కూడా ఇంకో అబద్ధం చెబితే ఈ గదిలో పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అటు డాక్టరు భాష, ఇటు లింగయ్య భాష, రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి.

"నీకు కాదు లింగయ్యా, నాకు. నాకు ఒంటికి సరిగ్గా రాదు, ఏడాదిన్నరగా. ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. ఆ రోజు డాక్టరు నిన్ను అడిగితే, నువ్వు చెప్పినట్టు నా సంగతి చెప్పేశాను. నీకు చేసిన ఆ పరీక్ష నాకు చెయ్యాల్సింది. ఈ గొట్టం కూడా నాకు వెయ్యాల్సిందే. తప్పు నాది."

చెప్పి తిట్లకి సిద్ధపడ్డాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. లింగయ్య తిట్టలేదు. బల్ల దిగి, వెనక వేలాడుతున్న గౌను తాళ్ళు తనే ముడి వేసుకుని, చెయ్యి చాపి తన చొక్కా తను తీసుకున్నాడు. రెండో చెయ్యి వారం రోజులుగా ఉన్నచోటే, కుడి పక్కన ఉంది.

"ఇగ ఇప్పుడన్న నా నొప్పి చెప్పున్రి సార్" అన్నాడు.

నర్సు సదాశివరావు మోచెయ్యి పట్టుకుని రెండో బల్ల వైపు లాగుతోంది. "ఒక్క నిమిషం, దీదీ" అని ఆయన బల్ల అంచు పట్టుకుని, నడుం వంచి నిలబడ్డాడు. లింగయ్య ఒక్కో ముక్కా చెప్పాడు. సదాశివరావు ఒక్కో ముక్కా హిందీలో పెట్టాడు. ఇక్కడ కత్తితో పొడిచినట్టు. ఇక్కణ్ణుంచి కిందికి, తొడ దాకా. నిలబడలేడు, పడుకోలేడు. మూత్రంలో మంట. అప్పుడప్పుడు ఎర్రగా వస్తుంది.

డాక్టరు పెన్ను ఆగింది. "ఎర్రగానా? ఇది రాయి అయ్యుండొచ్చు, పోయిన వారమే ఎక్స్‌రే తీయించాల్సింది. ఇతను అప్పుడెందుకు చెప్పలేదు?"

"అతను చెప్పాడు" అన్నాడు సదాశివరావు. "నేనే చెప్పలేదు."